నాలుగు లక్షలు తిరిగిన బండి

ఆమెను అందరూ మొక్కలక్క అనేవారు. అసలు పేరు లేకపోలేదు, కానీ ఆ పేరుతో పిలిచేది ఒక్క కరెంటు బిల్లే. ఊరు దాటి పెద్ద రోడ్డు ఎక్కే చోట, సిమెంటు పైపులు పోసే యార్డు పక్కన సన్నగా పొడుగ్గా ఒక ఖాళీ జాగా ఉండేది. పెళ్లయిన కొత్తలో దాన్ని అద్దెకు తీసుకుని నర్సరీ పెట్టింది. పైన ఆకుపచ్చ వల, కింద నల్ల సంచుల్లో వరసలు వరసలుగా నిమ్మ, జామ, గులాబీ, మల్లె. పైపుల యార్డు నుంచి సిమెంటు దుమ్ము ఎగిరొచ్చి ఆకుల మీద వాలుతుందని రోజూ పొద్దున్నే గొట్టంతో మొక్కలన్నింటికీ తలంటు పోసేది. మాట కాస్త కరుకు, చేయి మాత్రం మెత్తన. మొక్క కొనేవాళ్లను "ఎండ పడుతుందా మీ ఇంట్లో?" అని ముందే అడిగేది. పడదంటే అమ్మేది కాదు.

భర్తకు బజారులో చెప్పుల దుకాణం ఉంది. కొత్తవి అమ్ముతాడు, పాతవి బాగుచేస్తాడు. దుకాణం పైన రెండు గదుల్లో కాపురం. వీధి వైపు కిటికీ దగ్గర అత్తగారి మంచం. ఆవిడ తుంటి ఎముక విరిగి అతుక్కున్నప్పటి నుంచి మెట్లు దిగడం మానేసింది. ఆ కిటికీలోంచే లోకాన్ని ఏలుతూ ఉండేది.

మొక్కలు చేర్చడమే ఆమెకు ఎప్పుడూ తలనొప్పి. దగ్గరైతే తన స్కూటరు మీద ముందు రెండు, వెనక రెండు. దూరమైతే కిరాయి బండి. కిరాయి బండివాళ్లకు ఇటుకైనా మొక్కైనా ఒకటే. ఒకసారి ఊరవతల కొత్తగా కట్టిన ఆసుపత్రి ఆవరణకు పూలమొక్కలు కావాలన్నారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. పట్టా కప్పు నాయనా అని బండివాడికి చెప్పిచెప్పి పంపింది. వాడు తలూపాడు, కప్పలేదు. పెద్ద రోడ్డు మీద వేడిగాలిలో బండిని గాలిపటంలా తోలుకుపోయాడు. సాయంత్రానికి మొక్కలన్నీ అదే బండిలో తిరిగొచ్చాయి. ఆకులు చిల్లులు పడి, మొగ్గలు రాలి, ఈకలు పీకిన కోళ్లలా ఉన్నాయి.

ఆమె ఒక్కొక్క సంచీ దింపుకుని నీడలో పెట్టుకుంది. ఇంటికి వెళ్లి అన్నం వడ్డిస్తూ భర్తతో అంది.

"మనమే ఒక బండి కొందామండీ."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు. ఆయనకు ఏదైనా నమిలి మింగడమే అలవాటు, మాటైనా సరే. ఈలోగా కిటికీ దగ్గర నుంచి అత్తగారు అందుకుంది.

"బాగుంది. తొక్కే స్కూటరుకే రెండు రోజులకోసారి దగ్గొస్తోంది. ఇక లారీ ఒకటి తక్కువైంది మన కొంపకు."

"లారీ కాదత్తయ్యా, చిన్న ట్రక్కు. వెనక తొట్టి ఉంటుంది చూడండి, అది."

"తొట్టి ఉంటే నీళ్లు పోసి పెట్టుకో."

మూడో మనిషి సలహా కావాల్సి వచ్చి, ఆమె తమ్ముణ్ని పిలిచారు. అతను డీజిలు బండ్ల మెకానిక్కు. ఎంత కడిగినా గోళ్లలో నలుపు పోదు, ఎంత తిట్టినా నోట్లో నవ్వు పోదు. వచ్చీ రాగానే అన్నాడు, "కొత్తది మనవల్ల కాదక్కా. పాతదే కొందాం. కానీ పాత బండి కొనడమంటే పరాయివాడి కాపురంలో కాలు పెట్టడం. వాడెలా చూసుకున్నాడో అదే మనకు రాసిపెట్టి ఉంటుంది."

ఆదివారం ముగ్గురూ కలిసి, పాత బండ్లు అమ్మే దుకాణానికి వెళ్లారు. అక్కడ తెల్లటి ట్రక్కు ఒకటి అద్దంలా మెరుస్తోంది. టైర్లకు నల్లరంగు, సీట్లకు కొత్త తొడుగులు, లోపల అత్తరు వాసన. మీటరు చూస్తే ఎనభై వేల కిలోమీటర్లే. దుకాణదారు పొట్ట మీద చేతులు కట్టుకుని, "ఒక పెద్ద డాక్టరుగారి తోట కోసం కొన్న బండండీ. వారానికోసారి బయటికి తీస్తే గొప్ప," అన్నాడు.

మొక్కలక్క మనసు అక్కడికక్కడే పడిపోయింది. అప్పటికే తొట్టిలో కుండీలు ఎలా సర్దాలో లెక్కలు వేసుకుంటోంది. తమ్ముడు బానెట్ ఎత్తి ఇంజను చూస్తున్నాడు. అదీ కడిగి, నూనె రాసి, నిగనిగలాడించి పెట్టారు. భర్త మాత్రం డ్రైవరు తలుపు తీసి కిందకు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

"ఏం పోయిందండీ?" అంది ఆమె.

"ఏం పోలేదు. క్లచ్, బ్రేకు తొక్కే బిళ్లలకు కొత్త రబ్బర్లు వేశారు. బాగున్నాయి." అని, కింద పరిచిన పట్టా అంచు వేలితో ఎత్తాడు. యాక్సిలరేటరు కింద, డ్రైవరు మడమ ఆనే చోట, రేకు గుంటపడి తళతళలాడుతోంది. ఇంకాస్త అరిగితే రోడ్డు కనిపించేలా ఉంది.

ఆయన లేచి చేతులు దులుపుకుని దుకాణదారుతో మర్యాదగానే అన్నాడు. "మా దుకాణానికి చెప్పులొస్తాయి సార్. పైన ఎంత పాలిష్ పెట్టినా మడమ చూస్తే మనిషి ఎంత నడిచాడో తెలిసిపోతుంది. వారానికోసారి బండి ఎక్కితే మడమ ఇంత లోతు దిగదు కదా."

దుకాణదారు పట్టా వంక, ఆయన వంక చూశాడు. "పట్టా కింద ఎవరు చూస్తారు సార్," అన్నాడు. కోపం కన్నా నొచ్చుకోలు ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

తిరిగొస్తుంటే తమ్ముడు దారంతా నవ్వుతూనే ఉన్నాడు. "పైన పటారం, లోన లొటారం. బావా, రేపటి నుంచి చెప్పులు నేను కుడతాను, నువ్వు మా షెడ్డుకు వచ్చెయ్."

ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. కుండీలు సర్దేసుకున్న మనసును ఖాళీ చేసుకోవడం అంత తేలిక కాదు.

తర్వాత కొన్నాళ్లు ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మళ్లీ ఎత్తింది తమ్ముడే. నర్సరీకి వచ్చి మొక్కల మధ్య గొంతుక్కూర్చుని చెప్పాడు.

"రొట్టెల పెద్దాయన బండి అమ్ముతున్నాడక్కా."

రొట్టెల పెద్దాయన్ను ఆ రోడ్డు మీద తెలియనివాళ్లు లేరు. బేకరీ నుంచి చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ రొట్టెలు వేసే మనిషి. నీలిరంగు ట్రక్కు, సొంతం. ఏళ్ల తరబడి తెల్లవారేసరికి రోడ్డెక్కేవాడు. ఇప్పుడు ఎడమ మోకాలు అరిగిపోయిందట, క్లచ్ తొక్కలేకపోతున్నాడట.

"ఎంత తిరిగిందేం?" అంది ఆమె.

"నాలుగు లక్షల కిలోమీటర్ల పైమాటే."

ఆమె చేతిలోని మట్టి కింద పడేసింది. "ఎనభై వేలదే వద్దని వచ్చాం. నాలుగు లక్షలా? మీ బావ వింటే నవ్వుతాడు."

"అది అబద్ధపు ఎనభై, ఇది నిజం నాలుగు లక్షలు. తేడా లేదా? ఎంత తిరిగిందని అడక్కు, ఎలా తిరిగిందని అడుగు. ఇటుకలు మోసిన బండి లక్షకే నడుం విరుగుతుంది. ఇది మోసింది రొట్టెలు. అదీ తిన్నని పెద్ద రోడ్డు మీద. గుంటల్లో దూకింది లేదు, బరువెత్తింది లేదు. ముందే చెప్పి వెళ్లొద్దు. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్దాం. మనం వస్తున్నామని తెలిస్తే ఎంత మంచివాడైనా ఒకసారి స్టార్ట్ చేసి వేడిచేసి పెడతాడు."

తెల్లవారి అక్కా తమ్ముడూ వెళ్లేసరికి పెద్దాయన అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. సన్నటి మనిషి, తెల్లటి మీసం. వాళ్లను చూసి లేవబోయి, మోకాలు ఒప్పుకోక కూర్చుండిపోయాడు. తమ్ముడు ముందు వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. మంచు ముద్దలా చల్లగా ఉంది.

"జ్వరం లేదులే నాయనా," అన్నాడు పెద్దాయన. "తాళం చెవి మేకుకు ఉంది. తీసుకో."

రెండుసార్లు తిప్పితే ఇంజను అందుకుంది. వెనక గొట్టంలోంచి తెల్లగా కాస్త పొగ వచ్చింది. కాసేపటికి అదే విడిపోయింది. తమ్ముడు ఇంజనాయిలు మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఊరికే పెట్టాడు. లోపల అరిగిపోయిన ఇంజనైతే ఆ మూతను గాలితో ఎగరేస్తుందట. ఇది కొద్దిగా వణికింది, అక్కడే కూర్చుంది. తర్వాత గోనెసంచి పరుచుకుని కిందకు దూరాడు. అతని కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

"అక్కడ అతుకు ఉంటుంది చూడు, వెనక ఎడమ స్ప్రింగు పట్టీ దగ్గర," అన్నాడు పెద్దాయన కూర్చున్న చోటి నుంచే. "వానలో కాలువలో దిగింది ఒకసారి. అప్పుడు వెల్డింగు పెట్టించాను. రెండో గేరు పొద్దున్నే కాస్త మొండికేస్తుంది, వేడెక్కితే దారికొస్తుంది. కుడి అద్దం దించితే మళ్లీ చేత్తో పట్టి లాగాలి. ఇంకేముంది... హారన్ దానికి ఇష్టమైతే మోగుతుంది."

బండి కింద నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అమ్ముకునేవాళ్లు ఇలా చెప్పుకోరు బాబాయ్."

"కొన్నాక నువ్వు నా ఇంటికొచ్చి తిట్టేకంటే, ఇప్పుడే అన్నీ వినేసి పోతే నాకు నిద్ర పడుతుంది."

మొక్కలక్క బండి చుట్టూ తిరిగింది. నీలం రంగు ఎండకు వెలిసి ఉతికిన చీరలా ఉంది. తొట్టి అంచుల్లో గీతలు. డ్రైవరు తలుపు తీస్తే రొట్టెల వాసన, ఎప్పటి నుంచో గుడ్డల్లోకి ఇంకిన వాసన. అన్నీ నచ్చాయి ఆమెకు. అయినా నాలుగు లక్షలన్న మాట ఆమెను వదలలేదు.

పెద్దాయన ఆమెను చూస్తున్నాడు. "అమ్మాయ్, తీసుకుంటే నడిపేదెవరు?"

"డ్రైవరును పెట్టుకుంటాం బాబాయ్."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "అయితే వద్దు. నేను అమ్మనని కాదు, నువ్వే కొనొద్దు. ఈ వయసు బండికి ఒక్క చెయ్యే ఉండాలి. దాని మూలుగు తెలిసిన చెయ్యి. ఇవాళ ఒకడు, రేపు ఒకడు తొక్కితే ఆరు నెలలకు షెడ్డులో ఉంటుంది, మీ తమ్ముడు బతుకుతాడు, నువ్వు మునుగుతావు. మీ ఇంట్లో ఎవరికి వస్తుంది నడపడం?"

ఎవరికీ రాదు. తమ్ముడికి వస్తుంది, కానీ అతనికి షెడ్డు ఉంది. భర్త సైకిలు తప్ప ఏదీ ఎక్కడు.

"అయితే నువ్వే నేర్చుకో," అన్నాడు పెద్దాయన, అదేదో పక్కింటికి వెళ్లి మజ్జిగ తెమ్మన్నంత తేలిగ్గా. "ఎక్కి కూర్చో, చూద్దాం."

ఆమెకు సిగ్గేసింది. నలభై ఎనిమిదేళ్ల మనిషి, చీరకు మట్టి మరకలు. అయినా చీర కుచ్చిళ్లు ఓ చేత్తో పట్టుకుని ఎక్కి కూర్చుంది. సీటు మధ్యలో ఆయన కూర్చున్న గుంట ఉంది, ఆమె అందులోకి జారింది. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక స్టీరింగు మీద పెట్టింది. అంత ఎత్తు నుంచి ఆమె రోడ్డును ఎప్పుడూ చూడలేదు. ప్రహరీ గోడల అవతల ఏముందో కనిపిస్తోంది. ఎవరి పెరట్లోనో బట్టలు ఆరేసి ఉన్నాయి, వాటి వెనక ఒక నిమ్మచెట్టు కాయలతో వంగి ఉంది.

ఆ చెట్టును చూస్తుంటే ఆమెకు ఏదో తట్టింది. ఇన్నేళ్లలో వేల మొక్కలు పెంచింది, సంచీలో పెట్టి పరాయి బండి ఎక్కించింది. అవి ఎక్కడ దిగాయో, ఎవరు నాటారో, బతికాయో లేదో ఒక్కటీ చూడలేదు. ఆ నిమ్మచెట్టు తనదే కావచ్చు. కాకపోనూవచ్చు. తెలుసుకునే దారి తనకు ఎన్నడూ లేదు.

దిగి, "ఆలోచించుకుని చెబుతాను బాబాయ్," అంది.

ఆ రోజే సాయంత్రం భర్త దుకాణం కట్టేసి పైకి వచ్చాక, అత్తగారి ముందే చెప్పింది. "బండి కొంటే నేనే నడపాలట. నేర్చుకోవాలి."

ఈసారి ఆయన నమలలేదు. "నేర్చుకో," అన్నాడు.

"అంతేనా? అలా అనేస్తే ఎలా అండీ? భయం వేయదూ మీకు?"

"వేస్తుంది. నువ్వు స్కూటరు నేర్చుకున్నప్పుడూ వేసింది. రోజూ నువ్వు వచ్చేదాకా మేకులు వంకరగా కొట్టేవాణ్ని. తర్వాత అలవాటైంది." చొక్కా మేకుకు తగిలించి, "ఆ బండి పట్టా ఎత్తి చూశాను, ఇవాళ మధ్యాహ్నం సైకిలు మీద వెళ్లి," అన్నాడు.

ఆమె తెల్లబోయింది. "ఒక్క మాట చెప్పలేదే. ఎలా ఉంది?"

"మడమ గుంట గట్టిగానే పడింది. నాలుగు లక్షలకు ఎంత పడాలో అంతే పడింది."

అత్తగారు అంతా విని, మంచం మీద సర్దుకుని కూర్చుంది. ఏం అంటుందోనని ఆమె కాచుకుని ఉంది. "ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే బండి నడపడాలా?" అంది ఆవిడ. ఆ తర్వాత కాసేపు వీధిలోకి చూసి, "ముందు సీటు ఎత్తుగా ఉంటుందా? నాకు కాలు ఎత్తడం కష్టం," అంది.

ఇక అడగాల్సినవాళ్లు ఎవరూ మిగల్లేదు. మర్నాడే వెళ్లి మాట ఇచ్చేసింది. బేరం దగ్గర పెద్ద తగువేమీ రాలేదు. ఆయన చెప్పినదానికి ఆమె కొంత తగ్గించింది, ఆయన ఇంకొంచెం పెంచాడు, తమ్ముడు మధ్యలో కూర్చుని ఇద్దర్నీ కసిరాడు. ఆయన ఒక్క షరతు పెట్టాడు. నేర్పేది తనే.

నేర్చుకున్నది నర్సరీ పక్కన ఉన్న పైపుల యార్డు ఖాళీ నేలలో. పెద్దాయన పక్క సీట్లో కూర్చుని, తన ముందు లేని బ్రేకును కాలితో తొక్కుతూ ఉండేవాడు. "క్లచ్ నెమ్మదిగా వదలాలి. నడక నేర్చుకునే పాపాయి చెయ్యి వదిలినట్టు," అనేవాడు. ఆమె వదిలితే బండి కప్పలా ఎగిరి ఆగిపోయేది. "పాపాయి బావిలో పడింది," అనేవాడు ఆయన శాంతంగా. "మళ్లీ తిప్పు." ఒకరోజు వెనక్కి రాబోయి, తన క్రోటన్ల వరస మీదకే ఎక్కించేసింది. దిగి చూసుకుంటే నాలుగు సంచులు నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. ఊళ్లో కిరాయి బండివాళ్లందర్నీ తిట్టిన నోరు, ఆ పూట తనను తానే తిట్టుకుంది. ఆసుపత్రి మొక్కల కథ విని ఉన్న పెద్దాయన కిటికీలోంచి చూసి, "పట్టా కప్పి ఉంటే బతికేవేమో," అన్నాడు. ఆ మాటకు ఆమెకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మళ్లీ ఎక్కి, నవ్వి నవ్వి స్టీరింగు మీద తల ఆన్చేసింది.

లైసెన్సు పరీక్ష మొదటిసారి పోయింది. మిట్ట మీద ఆపి మళ్లీ కదిలించమంటే బండి వెనక్కి జారింది. రెండోసారి జారలేదు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లింది ఆ ఆసుపత్రికే. వాళ్లు మళ్లీ మొక్కలడిగారు. పట్టా రెండు మడతలు వేసి కప్పి, తాళ్లు నాలుగు వైపులా బిగించి, ఎడ్లబండికన్నా నెమ్మదిగా పోయింది. వెనక వచ్చినవాళ్లంతా హారన్లు కొట్టారు. ఆమెకూ కొట్టాలనిపించింది కానీ దాని హారన్‌కు ఆ రోజు ఇష్టం లేదు. చేరాక ఒక్క ఆకూ నలగలేదు. తోటమాలి గుంతలు తీస్తుంటే పక్కనే నిలబడి, "కాస్త లోతుగా, అలా కాదు, వేరు మడత పడుతుంది," అని అతని ప్రాణం తీసింది. చివరికి అతను పార ఆమెకే ఇచ్చేశాడు.

అలా అలవాటైంది. మొక్కలు చేర్చడానికి వెళ్లినచోట, పాత మొక్కలనూ చూసి రావడం మొదలుపెట్టింది. కొన్ని చెట్లయ్యాయి, కొన్ని చచ్చాయి. ఒక ఇంట్లో తన జామ మీద పిల్లలు ఎక్కి కూర్చున్నారు. చూసి వచ్చి అత్తగారికి చెప్పేది. ఆవిడకు ఒక్కొక్క చెట్టు కథా కావాలి. వినీ వినీ చివరికి, "నన్నూ తీసుకుపో," అంది. మొక్కలక్క భర్త రెండు మెట్ల చెక్కపీట ఒకటి చేసి, కాలు జారకుండా పైన చెప్పు అట్ట రబ్బరు కొట్టి ఇచ్చాడు. దుకాణం ముందు మెట్లు దిగడానికే ఆవిడకు పావుగంట పట్టింది. ఆ పీట మీద నుంచి ముందు సీట్లోకి ఎక్కి, కొంగు సర్దుకుని, కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుంది. వీధి చివరి దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఆపలేదు.

బండి ఇబ్బంది పెట్టలేదని కాదు. కొన్న మూడో నెలలో నడిబజారులో సెల్ఫ్ మోటారు చేతులెత్తేసింది. కూరగాయల వాళ్లు నలుగురు వెనక నుంచి తోసి లేపారు. తమ్ముడు అది మార్చి, "ఇది చెప్పాడా మీ బాబాయ్?" అని ఎత్తిపొడిచాడు.

"ఆయనకు తెలియందే ఎలా చెబుతాడురా? నీకు తెలుసా నీకెప్పుడు జ్వరమొస్తుందో?" అంది ఆమె. తమ్ముడు నట్లు బిగించాడు. మొక్కలు మట్టితో బరువు కాబట్టి వెనక పట్టీలకు ఒక్కో రేకు అదనంగా వేయించాడు. అంతకుమించి ఖర్చు రాలేదు ఆ ఏడు.

ఒకనాడు భర్తకు పక్క ఊళ్లో తోలు సరుకు తెచ్చుకోవాల్సిన పని పడింది. ఎప్పుడూ బస్సులో వెళ్లేవాడు. ఆ రోజు ఆమెకూ అటే మొక్కలు వేసేది ఉండడంతో బండిలో ఎక్కాడు. ఆమె నడపగా ఆయన అంత దూరం పక్కన కూర్చోవడం అదే మొదలు. మొదట్లో తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఊరు దాటాక ఒక చెయ్యి వదిలాడు. పని ముగించుకుని తిరిగొస్తూ రోడ్డు పక్క నీడ చూసి ఆపారు. క్యారేజీ విప్పి తిన్నారు. తొట్టిలో తోలు చుట్టలు, ఖాళీ సంచులు. కొంచెం వానజల్లు పడి ఆగింది.

"బాగానే నడుపుతున్నావు," అన్నాడు ఆయన చేయి కడుక్కుంటూ.

"బాగానే అంటే?"

"బాగా."

మళ్లీ ఎక్కి కూర్చున్నాక ఆయన తల వెనక్కి వాల్చాడు. ఆమె తాళం తిప్పబోతూ చూసేసరికి నిద్రపోయి ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు ఒళ్లో వదిలేసి. బండి కదిలితే లేస్తాడు. పొద్దింకా చాలా ఉంది. ఆమె తాళం మీద నుంచి చేయి తీసి, కుడి అద్దం కిందకు దించుకుంది. తడి మట్టి వాసన లోపలికి వచ్చింది. ఎదురుగా పొలంలో ఎవరో కంచె వెంట కొత్తగా మొక్కలు నాటుతున్నారు. దగ్గర దగ్గరగా పెడుతున్నారని ఆమెకు అనిపించింది. దిగి వెళ్లి చెబుదామా అనుకుంది కానీ, తలుపు చప్పుడవుతుందని ఊరుకుంది.